లాంచీ వంటగదిల మా అత్తమ్మ

ఇయ్యాల మా అత్తమ్మను తీస్కొని పాపికొండల లాంచీ ఎక్కిన. అండ్ల ఇంకో టికెట్ గూడ ఉంది. అది కొంటే ఇంజను, వంటగది లోపలికి తీస్కపోయి చూపిస్తరు. అత్తమ్మ ముచ్చటపడ్డదని ఇద్దరికీ కొన్న.

ఇంజను కాడ ఆమె చెవులు మూసుకున్నది. వంటగదిల మాత్రం ఆగిపోయింది. వంటాయన ఒక్కడే కూసొని ఉల్లిగడ్డల కుప్ప కోస్తుండు. మా టేకులపల్లి దిక్కు వంట జరుగుతుంటే ఆడోళ్లు ఉట్టిగ నిలబడి చూసుడు తప్పు. అత్తమ్మ కొంగు నడుముల చెక్కి కత్తిపీట ముందట కూసుంది.

"అమ్మా, మీరు పైసలు కట్టి చూడనీకి వచ్చిండ్రు," అన్నడు వంటాయన.

"చూస్తనే ఉన్న కద బిడ్డా. జర ఇటు జరుగు."

ఎంత పిలిచినా లేవలే. ఇగ నేనొక్కదాన్నే పైకొచ్చిన. కొండలు రెండు దిక్కుల దగ్గరికొచ్చినయ్. గీ కొండల కోసమే వస్తే ఆమె చూడకపాయె అని కోపమొచ్చింది. పక్కకు తిరిగితే వంటాయన! రెయిలింగు పట్టుకొని నోరు తెరిచి చూస్తుండు.

"మీ అత్తమ్మనే పైకి తోలింది మేడం. రోజూ వస్త గని, గీ టైముకు నేను పొయ్యి కాడనే ఉంట."

టికెట్ మాది, టూరు ఆయనది. కూర మాత్రం మస్తుండె. మీ ఇంట్ల మా అత్తమ్మ లెక్కటోళ్లు ఉన్నరా? ఉంటే లాంచీ ఎక్కించుండ్రి, ఆయన ఇంకోసారి కొండలు చూస్తడు.