కందులు ఇంకా రావాలి

పదవీ విరమణకు ముందు వచ్చిన ఆఖరి శీతాకాలంలో మా గ్యాలరీ వాళ్ళు నన్ను విశాఖపట్నం నుంచి అరకుకు డెప్యుటేషన్ మీద పంపారు. హోదా సహాయ క్యూరేటర్. పాత కాఫీ గోదాములో పెట్టబోయే ప్రదర్శనను ప్రారంభోత్సవం నాటికి సిద్ధం చేయడం నా పని. "అమ్మమ్మా, బొమ్మలకు మేకులు కొట్టించడమేనా నీ ఉద్యోగం?" అని మొన్న పుణె నుంచి ఫోన్‌లో అడిగావు కదా చిన్నీ, అదీ చేశాను. కానీ అక్కడ మేకు అవసరమైన బొమ్మలు తక్కువ.

రంపచోడవరం నుంచి వచ్చిన ఒకాయన ఎరువుల సంచుల పోగులు విప్పి గోడంత తెర నేశాడు. మారేడుమిల్లి దంపతులు వెదురు చీలికలతో గాలి తగిలితే మోగే తడిక కట్టారు. ఒకమ్మాయి పాత దుప్పటి మీద కాఫీ డికాక్షన్‌ను పలచగా, చిక్కగా పూసి పొద్దుటి మంచును దింపింది. ఉద్యోగమంతా రంగుల మధ్యే గడిపినా, ఆ గోదాములో తిరుగుతుంటే నాకు కొత్తగా బడిలో చేరినట్టుండేది.

చివరి గది ఎస్తేరుది. పెదబయలు వైపు కొండల్లో పుట్టిన పిల్ల. తల్లిదండ్రులు చర్చికి వెళ్ళే రైతులు. విశాఖలో ఫైన్ ఆర్ట్స్ చదివింది. పట్నాల్లో ఆమె పనులు చూశారు గానీ, సొంత కొండల్లో చూపించడం అదే మొదటిసారి. గది నేలంతా ఎర్రమట్టి పరిచి, కొండవాలు చేనులా చాళ్ళు తీసి, వాటిలో పచ్చి కందికాయలు పేర్చాలని ఆమె ఆలోచన. గదినే బొమ్మగా మార్చే ఇలాంటి పనిని మేం ఇన్‌స్టలేషన్ అంటాం. నాటు కందికాయ మీద ఊదారంగు చారలుంటాయి. ఎండితే ఆ రంగు పోతుంది, కాబట్టి పాతవి పనికిరావు. పేర్చేది కూడా తన ఊరి ఆడవాళ్ళే కావాలంది. విత్తనం వేసే చేతులకు చాళ్ళ వంపు తెలుస్తుందని ఆమె లెక్క.

పచ్చి సరుకు ఏదైనా గ్యాలరీలోకి తెచ్చే ముందు విడిగా ఉంచి పురుగు చూడాలి. లేకపోతే పక్క గదిలోని గుడ్డకూ వెదురుకూ పడుతుంది. ఎస్తేరు వాళ్ళ నాన్న చేను నుంచి వచ్చిన కాయలన్నీ అలా చూసి లోపలికి పంపాను.

ప్రారంభోత్సవానికి ముందురోజు ఆడవాళ్ళు జీపులో వచ్చారు. వాళ్ళకు పెద్ద దిక్కు గాసమ్మ. నవ్వుకుంటూ, ఒకరినొకరు ఆట పట్టిస్తూ బొరిగెలతో చాళ్ళు తీశారు. తీరా కాయల బుట్టలు తెచ్చి పెట్టేసరికి అందరూ చేతులు వెనక్కి తీసుకున్నారు.

"ఏటే గుంటా, కొత్త అవ్వకుండా కందికాయ ముడతారేటి?" అంది గాసమ్మ.

కొత్త అంటే కొత్త పంట పండుగ. దిశారి, అంటే ఊరికి మంచిరోజు చెప్పే పెద్ద, రోజు పెట్టాలి. దేవతకు ముందు పెట్టాలి. అప్పటిదాకా ఆ ఊళ్ళో ఆ పంట ముట్టరు. ఎస్తేరు ఇంట్లో ఆ ఆచారం లేదు కనుక ఆమెకు తట్టలేదు.

"తినడానికి కాదు పిన్నీ, పేర్చడానికే. మా ఇంట్లో ఎప్పుడో వండేసుకున్నాం."

"మీ ఇంట్లో వండుకోండి, ఎవులొద్దన్నారు? మీ యేసుబాబు ఊరుకుంతాడు. మా తల్లి అలుగుద్ది. మా సేత ముట్టించకు."

సంగతి మా డైరెక్టరుగారికి ఫోన్‌లో చెప్పాను. ఆయన మర్యాదస్తుడే, కానీ నిబంధన గుర్తుచేశారు. పూర్తికాని పనిని ప్రదర్శించకూడదు. గదికి తాళం వేసి, బోర్డు మీద పేరు తీసేయాలి. కాలేజీ పిల్లల్ని పంపుతాను, గంటలో పేర్చేస్తారని ఆయనే ఒక దారి చెప్పారు. అదే మాట ఎస్తేరుకు చేరవేశాను. రేపు ఆ గది తెరుచుకోకపోతే, ఊరంతటి ముందు ఆమె పేరు లేకుండా పోతుంది.

ఆమె బుట్టల మీద తడిగుడ్డ కప్పి, తనే ఒక్కొక్కటీ మోసి నాన్న ఇంటికి వెళ్ళే జీపెక్కించింది.

"తాళం వేస్తే వెయ్యండి మేడం. వీళ్ళ చేతుల్ని పక్కకు తోసి పేర్పిస్తే అది చేను బొమ్మ అవుద్ది గానీ చేను అవ్వదు," అంది. చాళ్ళను చూపిస్తూ, "ఈ రోజుకి ఇది ఇలాగే ఉంటాది. నా పని పూర్తయిందని రాసుకోండి," అంది.

ఇక్కడ మా వృత్తిలో ఇంకో నిబంధన ఉంది. పని పూర్తయిందో లేదో తేల్చేది కార్యాలయం కాదు, కళాకారుడి సంతకం. అది పెట్టించి డైరెక్టరుగారికి పంపాను. గోడ మీది చీటీలో మాధ్యమం, అంటే దేనితో చేశారన్న వివరం ఉండాలి. ఎస్తేరు చెప్పినట్టే రాశాను: "ఎర్రమట్టి, నీళ్ళు, ఊరి ఆడవాళ్ళ చేతులు. కందులు ఇంకా రావాలి."

"ఖాళీ నేల చూడ్డానికి జనం వస్తారా అమ్మా?" అన్నారు ఆయన. రాకపోతే ఆ మాటా నివేదికలో రాస్తానన్నాను. తాళం వేయమని మళ్ళీ అనలేదు.

జనం వచ్చారు. కొందరు నవ్వుకున్నారు. ఎస్తేరు ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. ఆ బాధ్యత గాసమ్మ తీసుకుంది. కొత్త చీర కట్టుకుని గుమ్మం దగ్గర నిలబడి, "ఏటి సూత్తన్నారు బాబూ? కందులు రాలేదింకా. బేగి రమ్మంటే వచ్చేత్తాయేటి? దిశారి సెప్పాలి. మళ్ళీ రండి," అని పర్యాటకులను పంపేది. కొందరు నిజంగానే మళ్ళీ వచ్చారు.

ప్రదర్శన ముగిసే ముందు కొత్త జరిగింది. మర్నాడు ఆడవాళ్ళు తమ చేలలోని కాయలే తెచ్చారు. ఎస్తేరు తను గీసుకున్న నమూనా మడిచి సంచిలో పెట్టేసి, వాళ్ళ పక్కన కూర్చుని పేర్చింది. ఎర్రమట్టి మీద పచ్చ, పచ్చ మీద ఊదా. గది పచ్చికాయ వాసనతో నిండిపోయింది. కొద్దిరోజులకే చారలు వెలిశాయి. అంతలో ప్రదర్శన గడువూ అయిపోయింది.

ఉద్యోగమంతా కళాకారులను "దేనితో చేశారు?" అనే అడిగాను. దిగిపోయే ముందు ఇంకో ప్రశ్న కూడా అడగాలని తెలిసింది: "దీన్ని ఎప్పుడు ముట్టుకోవచ్చు, ఆ మాట ఎవరు చెప్పాలి?" ప్రారంభోత్సవం తేదీ కార్యాలయం వేస్తుంది. సరుకు తేదీ వేరే ఉంటుంది. రెండూ కలవనప్పుడు ఏది ఆగాలో చెప్పగలిగినవాళ్ళే కళాకారులు.