అన్న కట్టిన చాసీ

నిన్న కృష్ణగిరి రౌండానా కూడలి దగ్గర టీ తాగతా ఉంటే, ఒక పెద్దాయన నా కారు చుట్టూ రెండు తూర్లు తిరిగి, ఇది ఎవరు కట్టినారప్పా అని అడిగినాడు. మా అన్న అని చెప్పినాను. బాగా కట్టినాడు అన్నాడాయన. అన్న బతికి ఉండగా నేను ఎన్నడూ అనని మాట అది.

అది షోరూములో కొన్న కారు కాదు. అడుగు ఇనుప చట్రం చాసీ, ఇంజను, ఫైబరు బాడీ విడివిడిగా తెచ్చుకొని ఇంట్లో బిగించుకునే కిట్టు కారు. ఎవరో ఆశతో మొదలుపెట్టి, విసిగి అమ్మేసినదాన్ని నేను కొన్నాను. మా ఇంటామె చూసి, ఇందులో కొత్తిమీర కట్ట పెట్టేదానికి కూడా తావు లేదనింది. అడుగున చాసీ అంతా తుప్పు. అన్న హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ముప్పై ఏండ్లు వెల్డింగు చేసి రిటైరై, మూకండపల్లిలో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకోనుండె. కారును ఆడికి చేర్పించినాను.

ఆరు నెలలు పట్టింది. అన్న బాడీని ఎత్తి గోడకానించి, ఒక్కొక్క బోల్టూ విప్పి, స్ప్రింగులూ ఆర్ములూ బుష్షులూ గోనెపట్ట మీద వరసగా పరిచినాడు. తుప్పు గీకితే కొన్ని చోట్ల పైపు అప్పడం మాదిరి విరిగింది. ఆడికాడికి కోసి కొత్త పైపు అతికినాడు. చక్రాల ఆర్ములు తగిలించే చెవులను నాలుగు తూర్లు తాను కొలిచి, అయిదో తూరి నన్ను కొలవమనేవాడు. నేను టేపు పట్టినట్టు పట్టి, సరిగ్గా ఉందనేవాణ్ణి. కాలిన ఇనుము వాసన, రంగు వాసన వదిన చేసే సంగటిలోకి కూడా వచ్చేది.

బండి బయటికి తీసిన పొద్దు స్నేహితులను పిలిచినాను. శూలగిరి రోడ్డులో వేగం పెంచితే ఎడమకు లాగింది. తిరిగొచ్చి, అందరూ చూస్తా ఉండంగా అన్నను అడిగినాను.

"ముప్పై ఏండ్లు ఏం నేర్చినావన్నా? చేతులు వణకతా ఉండాయని ముందే చెప్పింటే వేరేవాని చేత చేయించుకునేవాణ్ణి కదా."

వాళ్ళు నవ్వినారు. నేనూ నవ్వినాను. అన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటా కారు చుట్టూ ఒక తూరి తిరిగి, ఇంట్లోకి పోయినాడు. కొన్ని దినాలకే వెల్డింగు మిషను అమ్మేసినాడని వదిన చెప్పింది.

నెల తిరక్కముందే నాకు సంగతి తెలిసింది. తప్పు చాసీలో లేదు, ఎడమ పక్క పాత టైరు లోపల తీగలు తెగినాయి. టైరు మార్చినాక బండి నూలు పట్టినట్టు నేరుగా పోయింది. నేను అన్నకు చెప్పలా. రేపు చెప్తాములే అనుకుంటా మూడేండ్లు గడిపినాను. వాళ్ళింటికి పోయినప్పుడల్లా వానల గురించి మాట్లాడి వచ్చేవాణ్ణి.

అన్న ఊపిరితిత్తులు చెడి మంచాన పడినాక, ఒక మధ్యాహ్నం వదిన పక్కన లేనప్పుడు చెప్పినాను, తప్పు టైరుది, నీది కాదని. అన్న కండ్లు తెరవలా.

"నాకా పొద్దే తెలుసప్పా. టైరు తడిమి చూసినా. నువ్వు ఎప్పుడు చెప్తావా అని చూస్తా ఉన్నా."

మరి అప్పుడే నా మొగాన ఎందుకు చెప్పలేదని అడిగినాను.

"చెప్పింటే నువ్వు ఒక్క దినమే సిగ్గుపడేవాడివి."

అంతలో వదిన గంజి తెచ్చింది. ఎనిమిదో దినం అన్న పోయినాడు. పోను పోను అన్నీ సర్దుకుంటాయని పెద్దలంటారు. మాకు దొరికిన మూడేండ్లలో ఏదీ సర్దుకోలా, దినాలు మాత్రం గడిచినాయి.