లోపల వదిలిన గుడ్డ

ఇంతవరకూ ఎవరికీ చెప్పని మాట ఒకటి ఉంది. డైరీలో కూడా రాయలేదు. పదహారేళ్ళ వయసులో, జబ్బుతో కరిగిపోతున్న ఒక మనిషి మణికట్టు చూసి నేను అసూయపడ్డాను.

ఈ ఉదయం విశాఖలోని నా అద్దె గదిలో ఆకుపచ్చ చుడీదార్ టాప్ పక్క కుట్టును బ్లేడుతో విప్పుతుంటే అది గుర్తొచ్చింది. ఒక్కో దారం తెగుతుంటే సన్నటి చప్పుడు. కుట్టు మిషన్ నూనె వాసన కూడా వచ్చినట్టనిపించింది, అన్ని ఉతుకుల తర్వాత అది మిగిలి ఉండదని తెలిసినా. కుట్టు విడిపోయాక లోపలి మడత బయటపడింది. రెండు వేళ్ళ వెడల్పు గుడ్డ, ఎండ చూడని ముదురు ఆకుపచ్చ. దాని పక్కన పైగుడ్డ వెలిసిపోయి వేరే బట్టలా ఉంది. ఆ మడత వదిలింది సత్యవతి పిన్ని.

చోడవరంలో మా వీధి చివరి ఇంట్లో ఆవిడ ఆడవాళ్ళ బట్టలు కుట్టేది. మాకు చుట్టరికం ఏమీ లేదు, వీధి పిల్లలందరికీ పిన్నే. ఆవిడ టేపు పట్టి కొలత పైకి చెబితే, పక్కన కూర్చున్నవాళ్ళు పుస్తకంలో రాయాలి. అక్షరాలు కుదురుగా ఉంటాయని ఏడో తరగతి నుంచీ ఆ పని నాకే ఇచ్చింది. నలుగురిలో నోరు విప్పలేని నాకు అది హాయిగా ఉండేది; తల వంచుకుని రాస్తే చాలు. అలా మా వీధి ఆడవాళ్ళందరూ నాకు అంకెల్లో తెలుసు. నా వంతు వచ్చినప్పుడు మాత్రం పిన్ని ఏమీ పైకి చెప్పేది కాదు. టేపు మీద బొటనవేలు అడ్డం పెట్టి, పుస్తకం నా చేతిలోంచి తీసుకునేది.

"నీ అంకె నువ్వు రాసుకోకే. నాను రాస్తాను" అనేది.

ఇంటర్‌లో చేరిన ఏడాది, చక్కెర ఫ్యాక్టరీ దగ్గర చెరుకు లారీలు తూకానికి బారులు తీరిన రోజుల్లో, నేను క్లాసు గుమ్మంలోకి రాగానే ఒకమ్మాయి, "లారీ వస్తంది, తప్పుకోండే. కాటా యేయించుకుని రమ్మనండి" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వే నన్ను ఇప్పటికీ బాధ పెడుతుంది. మర్నాటి నుంచి నా క్యారేజీ అన్నం కాలేజీ వెనక కుక్కకు పోయేది. చదివిన కథల గురించి డైరీలో రాయడం మానేసి, ఏ పూట ఏం తినలేదో రాయడం మొదలుపెట్టాను. జుట్టు ఊడింది. నెలసరి ఆగిపోయింది, అమ్మకు చెప్పలేదు. దేవరాపల్లి నుంచి వచ్చిన అత్త, "ఇప్పుడు సూడ్డానికి బాగున్నావే గుంటా" అంది. అమ్మ మొహం వెలిగింది. అది చూసి ఇంకొంచెం తగ్గించాను.

ఆకుపచ్చ గుడ్డ నేను పిన్ని దగ్గరికి పట్టుకెళ్ళింది అప్పుడే. ఏ బట్ట కుట్టినా పక్కల్లో రెండు వేళ్ళ గుడ్డ లోపలికి మడిచి వదలడం ఆవిడ అలవాటు.

"నాకు లోపల వదలకు పిన్నీ. కోసెయ్యి."

"ఏటే, ఎందుకు?"

"ఇంక నాకు అక్కర్లేదు."

పిన్ని కత్తెర కింద పెట్టి నా చేతుల వైపు చూసింది. నేనూ ఆవిడ చేతుల వైపు చూశాను. ఆ మధ్య ఆవిడ గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. కడుపులో ఏదో జబ్బని, అన్నం ఇమడడం లేదని వీధిలో అనుకుంటున్నారు. నాకూ తెలుసు. తెలిసే అన్నాను, "నువ్వు సన్నబడ్డావు పిన్నీ. బాగుంది."

 ఆవిడ టేపు తీసి నా ఒళ్ళో పడేసింది.

"నన్ను కొలువు. కొలిసి పైకి సెప్పు."

నడుము చుట్టూ టేపు తిప్పాను. చీర కింద ఎముక నా వేలికి తగిలింది. అంకె చెప్పాను. 

"నాకిది వొచ్చింది. నాను పిలవలేదు" అంది నెమ్మదిగా. "నువ్వు పిలుస్తన్నావు."

 రెండు రోజులకు, "ఆసుపత్రికి మందులకెళ్ళాలి, తోడు రాయే" అంది. దారిలో మూడుచోట్ల కూలబడింది. తీరా గదిలోకి వెళ్ళాక నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, "ముందు ఈ గుంటని సూడండి. నాది తరవాత" అంది డాక్టరమ్మతో. అమ్మను పిలిపించారు. విశాఖలో మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. "నాను పెట్టలేదా, దీనికి నానేటి తక్కువ సేసేను" అని అమ్మ బస్సులో ఏడుస్తూనే ఉంది. నాకు పిన్ని మీద పట్టరాని కోపం వచ్చింది. నెల రోజులు ఆ ఇంటి వైపు వెళ్ళలేదు. ఆవిడకు మిగిలినవే కొన్ని రోజులని తెలిసి కూడా వెళ్ళలేదు.

నేను పూర్తిగా బాగుపడ్డానని రాస్తే అబద్ధం అవుతుంది. ఒక్కోరోజు కంచం ముందు కూర్చుంటే ఇప్పటికీ అంకెలే కనిపిస్తాయి. పిన్ని వదులుగానే కుట్టడం వల్ల ఈ టాప్ ఇరుకవడానికి ఐదేళ్ళు పట్టింది. ఇరుకైందని తెలిశాక వారం రోజులు దాన్ని పెట్టె అడుగున దాచాను. ఈ ఉదయం ఒక గ్లాసు చోడి అంబలి, అదే రాగి జావ, తాగి, అప్పుడు బ్లేడు తీశాను.

ఆ ఏడాది, నెల గడిచాక నేను ఆ ఇంటికి వెళ్ళేసరికి పిన్ని మంచం మీద ఉంది. మిషన్ మీద దుప్పటి కప్పేశారు. పక్కన గిన్నెలో అదే చోడి అంబలి. రెండు గుటకలు తాగి, ఇక దిగక, గిన్నె నా వైపు తోసింది. తాగాను. నేను మింగుతున్నంతసేపూ నా గొంతు వైపే చూసింది. క్షమించమని అడగాలని వెళ్ళినదాన్ని, అడగలేకపోయాను. లేవబోతుంటే తలగడ పక్కనుంచి ఆకుపచ్చ టాప్ తీసి ఇచ్చింది. పక్క కుట్టు తడిమాను. మందంగా తగిలింది. నాలుగో రోజున ఆవిడ పోయింది కాబట్టి, నాతో మాట్లాడింది అదే ఆఖరు. కళ్ళు మూసుకునే అంది:

"గుడ్డ వొదిలేనే లోపల. ఇరుకైతే కుట్టు ఇప్పుకో. సిగ్గుపడకు."