అల్లుడి బరువు మూడువందల ముప్పై ఎనిమిది

తూకం పిన్ని అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఇంకెక్కడా కనపడదు. కంటికి ఆనని అణువుల బరువు చెప్పే యంత్రం మాస్ స్పెక్ట్రోమీటర్. దాని దగ్గర ఆవిడ పంతొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. కొత్త మందులు వెతికేవాళ్లంతా చిన్న చిన్న బుడ్డీలు పట్టుకుని మా అయిదో గదికే రావాలి. ఎవరు ఎప్పుడు రావాలో రాసే రిజిస్టరు నాది. కోపం కూడా నాదే. పిన్నికి నవ్వడమే వచ్చు, అదొకసారి మొదలైతే ఆపడం ఎవరి తరమూ కాదు.

మా యంత్రానికి ఒక పీడ ఉంది. ఎవరి నమూనా పెట్టినా అందులో 338 బరువున్నది ఒకటి తగులుతుంది. ప్లాస్టిక్ బుడ్డీల నుంచి ఊడే జిడ్డు అది. "పిలవకపోయినా వస్తాడు, కడిగినా పోడు. ఇల్లరికపు అల్లుడే" అని పిన్ని ఏనాడో నామకరణం చేసేసింది.

చిక్కల్లా ఏమిటంటే, పిన్ని భర్త నిజంగానే ఇల్లరికపు అల్లుడు. మామగారింటి ముందుగదిలో కూర్చుని గడియారాలు బాగుచేస్తాడు. ఒకరోజు పిన్ని మరిచిపోయిన కళ్లజోడు ఇద్దామని వచ్చి ఆయన గుమ్మంలో కాలు పెట్టేసరికి, లోపల నేను "అల్లుడొచ్చాడు, తీసి పారేయండి" అని అరుస్తున్నాను. ఆయన కళ్లజోడు కిటికీలో పెట్టి వచ్చిన దారినే వెళ్లిపోయాడు. బుజ్జగించడానికి పిన్నికి రెండు రోజులు పట్టింది.

మొన్న గురువారం మధ్యాహ్నం బూజమ్మాయి వచ్చింది. నాలుగేళ్లుగా రకరకాల బూజులు పెంచుతోంది కనక ఆ పేరు. వాటిలో ఒకటి, మందులకు లొంగని సూక్ష్మజీవులను చంపుతోంది. అందులో చంపే పదార్థం ఏదో మాత్రం తేలడం లేదు. నాలుగింటి సమావేశంలోపు తేలకపోతే పని మూసేస్తామని వాళ్ల పెద్దసారు చెప్పేశాడు.

"మీ యంత్రం ఇచ్చిన పదార్థాల జాబితా అంతా చూశాను పిన్నీ. ఏమీ లేదు," అంది.

పిన్ని ఆ జాబితా పక్కకు నెట్టి అసలు గ్రాఫు తెరిచింది. 338 కనపడగానే జాబితాలోంచి కొట్టేయమని కంప్యూటర్‌కి నేర్పింది మేమే మరి. నమూనా చుక్క ముందు కాలమ్ అనే సన్నటి స్టీలు గొట్టంలోంచి నడవాలి. అందులోంచి ఒక్కో పదార్థం ఒక్కో నిమిషానికి బయటపడుతుంది. అల్లుడిది పదకొండో నిమిషం, తు.చ. తప్పడు. ఆ గ్రాఫులో మాత్రం 338 రెండుసార్లు లేచింది. పదకొండులో ఒకసారి, తొమ్మిదిలో ఒకసారి.

పిన్ని పెదవులు నవ్వుకి అదిరాయి. "మా అల్లుడు ఇంత పెందలాడే లేవడే. అదే బరువున్న వేరెవడో అయుంటాడు," అంది.

కబురు విని పెద్దసారు వచ్చాడు. "కాలమ్ పాతదైపోయిందమ్మా. ఆ అల్లుడే రెండు ముక్కలై వచ్చాడు. దీనికింత హడావుడా?"

నాకు ఒళ్లు మండింది. పిన్ని మాత్రం, "అయుండొచ్చు సార్. అంతా గాజులో చేసి చూద్దాం. ప్లాస్టిక్కే లేకపోతే అల్లుడికి మా ఇంట్లో పనేముంది?" అంది.

బూజు రసం గాజు జాడీలో రెండు చెంచాలే మిగిలింది. "ఇదీ పోతే మళ్లీ పెంచడానికి మూడు నెలలు, పిన్నీ. అప్పటిదాకా నన్నెవరు ఉండనిస్తారు?" అంటూనే బూజమ్మాయి జాడీ చేతికిచ్చింది. అప్పటికి రెండున్నర. గాజు గరాటు, గాజు సిరంజి, గాజు బుడ్డి. పిన్ని గంటసేపు తంటాలు పడి ఆ రసం వడగట్టి, బుడ్డి యంత్రంలో పెట్టింది. నేను వరసలో ఉన్నవాళ్లందరినీ రేపు రమ్మన్నాను. ఒకాయన నస పెడితే రిజిస్టరు బీరువాలో పెట్టి తాళమేశాను.

తొమ్మిదో నిమిషంలో గీత లేచింది. బూజమ్మాయి నా చేయి గిల్లేసింది.

"ఆగవే, అల్లుడి సంగతి చూడాలి," అంది పిన్ని.

పది. పదకొండు. గీత నేలబారుగా సాగుతూనే ఉంది. పన్నెండు. అల్లుడు రాలేదు. అంటే తొమ్మిదిలో లేచింది బూజు సొంత సరుకే.

ఇక చూడాలి పిన్ని నవ్వు. బూజమ్మాయి నేలమీద కూలబడి ఏడుస్తూ నవ్వింది. ముక్కుమీదే కోపమున్న నేను బీరువా తాళంచెవి తిప్పుకుంటూ గదంతా గంతులేశాను. నాకంత సంతోషం ఈ ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు. పెద్దసారు గ్రాఫు రెండుసార్లు చూసి, "ఇది మందు కావడానికి ఇంకా చాలా ఏళ్లు పడుతుంది," అన్నాడు. గుమ్మందాకా వెళ్లి వెనక్కి తిరిగి, "సమావేశానికి ఆ కాగితం తీసుకురామ్మా. పని ఆపడం లేదు," అన్నాడు.

పిన్ని కళ్లు తుడుచుకుని ఇంటికి ఫోన్ కలిపింది.

"ఏమండీ, ఇవాళ అల్లుడు రాలేదండీ."

అవతల గడియారాల చప్పుడు వినిపిస్తోంది.

"ఎక్కడికి రావాలి? పొద్దుట్నుంచీ ఇంట్లోనే ఉండి మీ నాన్న గడియారంతో కుస్తీ పడుతున్నాగా," అన్నాడు బాబాయి.