తెల్లకోటు కొలత

దర్జీ మెడలో టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. కాలేజీ సీట్లు వచ్చే ఈ రోజుల్లో, కొలతలకొచ్చిన ప్రతి పిల్లనీ "ఎక్కడొచ్చిందమ్మా సీటు?" అని అడగందే అతని చెయ్యి కదలదు. "మరి మీ అమ్మాయికో?" అని ఎదురడిగితే మాత్రం చటుక్కున రెండు గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుంటాడు. నోట్లో సూదులున్న మనిషిని ఎవరూ మాట్లాడమనరు కదా. సీటు రాని కూతురు అక్కడే ఓ మూల కూర్చుని, తల ఎత్తకుండా గుండీలు కుడుతూ ఉంటుంది.

ఇవాళ పక్కింటి అమ్మాయి, డాక్టరు చదువుకు కుట్టించుకున్న తెల్లకోటు తొడుక్కుని చూసింది. కోటు చేతులు మణికట్టుకు నాలుగు వేళ్ల పైనే ఆగిపోయాయి. "మా పిల్ల పొడుగు కదండీ, ఇది ఎవరి కొలత?" అంది వాళ్లమ్మ. దర్జీకి తల తీసేసినట్టయింది. గుడ్డ కత్తిరించేటప్పుడు చెయ్యి, రాసుకున్న కొలత వదిలేసి, ఏళ్లుగా అలవాటైన కొలతకే పోయింది. "కళ్లు మందగించాయమ్మా. వేరే గుడ్డ తెచ్చి కుట్టి ఇస్తాను" అన్నాడు నేల చూస్తూ.

వాళ్లు వెళ్లాక కూతురు లేచి ఆ కోటు తొడుక్కుంది. భుజాల దగ్గరా చేతుల దగ్గరా అతికినట్టు సరిపోయింది.

"నాకే కుట్టావా నాన్నా?" అంది మెల్లగా.

బల్ల మీద కుట్టాల్సిందేమీ లేదు. అయినా దర్జీ చెయ్యి గుండుసూదుల డబ్బా కోసం తడుముకుంది.