చర్చి గోడకు బయట

జర్మనీలోని వెస్ట్‌ఫాలియాలో మా ఇంటి ఓనరమ్మ దగ్గరే ఊరి చర్చి తాళం ఉండేది. వందల ఏళ్ల నాటి చిన్న కాథలిక్ చర్చి అది. దాని పక్కన నడిచినప్పుడల్లా ఆమె, పసిపిల్ల నుదురు తాకి జ్వరం చూసినట్టు, ఆ రాతిగోడ మీద అరచెయ్యి ఆనించేది.

కరోనా రెండో చలికాలంలో ఆమె భర్త ఆసుపత్రిలో పోయాడు. చివరిచూపు కూడా దక్కలేదు. అంత్యక్రియల ప్రార్థన రోజు పొద్దున్నే ఆమెకు దగ్గు మొదలైంది.

"టెస్టుకి అపాయింట్‌మెంట్ దొరికిందా?" అని మెట్ల మీద నుంచే అడిగాను.

"సాయంత్రానికి దొరికింది. ప్రార్థనేమో ఇప్పుడే."

"మాస్కు పెట్టుకుని వెనక కూర్చోండి."

"ఫాదర్ ముసలాయన. అంత చిన్న చర్చిలో వెనకెక్కడుంది, ముందెక్కడుంది?"

చర్చి ఉత్తరపు గోడలో జానెడు వెడల్పున ఒక సందు ఉంది. పూర్వం కుష్ఠురోగులను లోపలికి రానిచ్చేవారు కాదట. వాళ్లు బయట నిలబడి అందులోంచే పూజ చూసేవారట. ఆమె వానలో అక్కడికి వెళ్లి నిలబడింది. నేను దూరంగా నిలబడి, ఆమె దగ్గిన ప్రతిసారీ ఉలిక్కిపడ్డాను. ఆమెకేమవుతుందోనని భయం, అదే ఇంట్లో ఉన్న నా పాపకేమవుతుందోనని ఇంకా భయం. లోపలి నుంచి ఫాదర్ ఆ సందు దగ్గరకు రాబోతే, ఆమె వద్దని చెయ్యి ఊపి వెనక్కి జరిగింది.

మర్నాడు రిజల్ట్ వచ్చింది. కరోనా కాదు, మామూలు జలుబే.

"అయ్యో, లోపలికి వెళ్లాల్సింది!" అన్నాను.

"నిన్న తెలియదు కదా," అంది. మళ్లీ, "నిన్న తెలియదు కదా," అంది. ఆ రెండోసారి నాకు చెప్పినట్టు లేదు.