పడిపోయిన అంకె

ప్రయోగశాలలో మా నాన్నను అందరూ పంపుల మేస్త్రీ అంటారు. అక్కడ గాలి తోడేసిన పొడవాటి గొట్టం ఒకటుంది. ఒక చివర ఉన్న చిన్న కుంపటిలోంచి అణువులు సన్నటి ధారగా బయల్దేరి, రెండో చివర ఉన్న మీటరు మీద అంకెగా కనిపిస్తాయి. ఆ అంకె పడిపోకుండా చూడడమే ముప్ఫై ఏళ్లుగా ఆయన పని. నడుం పడిపోయింది గానీ, అంకె పడలేదు.

గొట్టం మధ్యలో ప్రొఫెసరమ్మ విద్యుత్ క్షేత్రాన్ని క్షణానికి కోట్లసార్లు అటూ ఇటూ ఊపుతుంది. ఒక కొస ప్లస్సు, ఒక కొస మైనస్సు ఉన్న ఆ అణువులు, ఊపు తమ లయకు సరిగ్గా కలిస్తేనే దారి తప్పుతాయి. దారి తప్పినవి మీటరుదాకా చేరవు. ఆ లయ కోసమే ఆవిడ మూడు నెలలుగా మీట తిప్పుతోంది. ఈ ముక్క మేస్త్రీకి చెప్పాలని మాత్రం ఒక్క మహానుభావుడికీ తోచలేదు.

మొన్న ఆవిడ మీట ఇంకాస్త తిప్పి భోజనానికి వెళ్లింది. అంకె సగానికి పడింది. నాన్న కుంపటి దగ్గరికి పరిగెత్తాడు. గబగబా కుంపటి సెగ పెంచి అంకెను ఎక్కించాడు. ఆవిడ రాగానే, “పడింది గానీ, సరిచేసేశానమ్మా” అన్నాడు.

“పడాలనే కదయ్యా నేను కాచుక్కూర్చుంది!”

సాయంత్రం నాన్న చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడ్డాడు. ఏమైందని అమ్మ అడిగింది.

“పడక పడక ఇవాళ పడింది. నేనే లేపి నిలబెట్టొచ్చానే.”